రేవు మెట్ల లెక్క

"ఏరా, తాగుతున్నావంట?"

నాగాయలంక దగ్గరి ఊళ్ళో ఒక నాన్న, బందరు హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఆదివారానికి ఇంటికొచ్చిన కొడుకుని ఇలా అడిగాడనుకుందాం. కుర్రాడి జవాబు మనకు ముందే తెలుసు. "అబ్బే, నీకెవరు చెప్పారు నాన్నా?" అంటాడు. అక్కణ్ణించి విచారణ చెప్పినవాళ్ళ మీదికి మళ్ళుతుంది. తాగుడు సంగతి మెల్లగా అరుగు దిగి వెళ్ళిపోతుంది.

ఆ ప్రశ్నలో ప్రేమకి లోటు లేదు, పనితనానికే లోటు. "అంట"లో ఊరి పుకారు ఉంది. "తాగుతున్నావు"లో స్నేహితుడి పుట్టినరోజుకి పంచుకున్న బీరూ, రోజూ పడే క్వార్టరూ ఒకే గాటన పడ్డాయి. ఎంత, ఎన్నాళ్ళకోసారి అన్న ఊసు లేదు. తాగాక ఏం జరిగిందన్న ఊసు అసలే లేదు. పైగా అవునంటే తిట్లు, కాదంటే భోజనం. అలా అడిగితే హరిశ్చంద్రుడైనా ఒక్క క్షణం ఆలోచించుకుంటాడు.

ఇదే సంగతిని, అబద్ధమాడే అవసరం రాకుండా అడగడం ఒక విద్య. యాభై ఏళ్ళకు పైగా వైద్యులూ మనస్తత్వ శాస్త్రజ్ఞులూ ఆ విద్య మీద కూర్చుని ప్రశ్నలు చెక్కుతున్నారు. పేరుకి అవి ఆసుపత్రి కాగితాలు, సర్వే ఫారాలు. ఎవరూ సాహిత్యంలా చదవరు. ఓపిగ్గా చదివితే మాత్రం, ఒక్కో మాట ఎందుకు అక్కడే ఉందో తెలిసేకొద్దీ మంచి కంసాలి పని చూసినట్టుంటుంది. ఈ వ్యాసం ఆ పనితనం గురించి.

మొదట చెప్పుకోవలసింది నాలుగు ప్రశ్నల చిన్న పనిముట్టు. అమెరికాలోని నార్త్ కరొలినా విశ్వవిద్యాలయంలో జాన్ ఈవింగ్ అనే మానసిక వైద్యుడు తయారుచేశాడు. 1984లో అమెరికా వైద్య సంఘం పత్రికలో దాని మీద వ్యాసం వచ్చాక 'కేజ్' అన్న పేరు లోకానికి బాగా తెలిసింది. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా నీ తాగుడుని తప్పుపడితే చిరాకేసిందా? తప్పు చేస్తున్నానన్న బాధ కలిగిందా? పొద్దున లేస్తూనే ఒక గుక్క పడితే గాని కుదుటపడని రోజు ఉందా? అంతే. ఎంత తాగుతావన్న ప్రశ్న ఒక్కటీ లేదు. మనిషిని బోనెక్కించకుండా, అతనికీ తాగుడికీ మధ్య నడిచే తగాదాని మాత్రం అడిగి ఊరుకున్నాడు ఈవింగ్. కానీ ఆ తగాదా ముదరడానికి ఏళ్ళు పడుతుంది. పందొమ్మిదేళ్ళవాడికి పొద్దున్నే గుక్క అవసరం పడే రోజు ఇంకా రాకపోవచ్చు. వాణ్ణి ఈ వల పట్టలేదు, కన్నాలు పెద్దవి.

1993లో కన్నాలు చిన్నవి చేసి వల అల్లారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున జాన్ సాండర్స్, థామస్ బేబర్, వాళ్ళ సహచరులు ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా దేశాల్లో మామూలు ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 1,888 మందిని దాదాపు 150 ప్రశ్నలు అడిగి, చివరికి పదే పది మిగిల్చారు. దాని పొట్టిపేరు 'ఆడిట్'. మన బ్యాంకుల్లోనూ పంచాయతీల్లోనూ వినే మాటే, పనికి బాగా నప్పింది. లెక్కలు చూడటమే దీని పని.

ఆ పది ప్రశ్నల వరస చూడండి. మొదటి మూడూ ఎన్నిసార్లు, ఎంత, ఒకేసారి ఎక్కువగా ఎప్పుడెప్పుడు అని అడుగుతాయి. పాలు ఎన్ని లీటర్లు పోయిస్తారని అడిగినంత మామూలుగా ఉంటాయి. తర్వాతి మూడూ పట్టు తప్పడం గురించి: మొదలుపెట్టాక ఆపలేకపోవడం, చేయాల్సిన పని చేయలేకపోవడం, పొద్దున్నే తాగాల్సి రావడం. చివరి నాలుగూ నష్టం గురించి: పశ్చాత్తాపం, రాత్రి జరిగింది గుర్తులేకపోవడం, తనకో ఇంకొకరికో దెబ్బ తగలడం, పక్కవాళ్ళు కలవరపడి చెప్పడం. వీధి గుమ్మంలోంచి వసారాలోకి, వసారాలోంచి నట్టింట్లోకి వెళ్ళినట్టు నడుస్తాయి. నట్టింటి ప్రశ్న గుమ్మం దగ్గరే అడిగితే తలుపు వేసేస్తారని రాసినవాళ్ళకి తెలుసు.

జవాబుల్లోనూ అంతే మర్యాద ఉంది. చాలా ప్రశ్నలకి అవునా కాదా అని నిలదీయదు. ఎప్పుడూ లేదు, నెలకోసారి కంటే తక్కువ, నెలకోసారి, వారానికోసారి, దాదాపు రోజూ అని మెట్లు వేసి ఇస్తుంది. సిగ్గుపడేవాడు ఒక మెట్టు కిందికి దిగి చెప్పినా పూర్తి అబద్ధం కాదు, కొంత నిజం చేతికొస్తుంది. మొదటి ప్రశ్నకే "ఎప్పుడూ తాగను" అన్నవాణ్ణి మధ్య ప్రశ్నలతో విసిగించకుండా సరాసరి ఆఖరి రెంటికి పంపేస్తుంది. మొత్తం 40 మార్కులు. 8కి చేరితే జాగ్రత్తపడాలి. ఆనాటి పరీక్షలో, ప్రమాదకరంగా తాగుతున్నారని తేలినవాళ్ళలో 92 శాతం మంది 8 గాని అంతకంటే ఎక్కువ గాని తెచ్చుకున్నారు. అలా తాగనివాళ్ళలో 94 శాతం మంది 8కి లోపే ఆగారు. పది ప్రశ్నలతో ఆ మాత్రం తేల్చగలగడం చిన్న పని కాదు.

బందరులో గిల్టు నగల పేట చిలకలపూడి పేరు తెలియని తెలుగు ఇల్లు తక్కువ. పూత ఏదో, పుత్తడి ఏదో కంటికి తెలియనప్పుడే గీటురాయి కావాలి. ప్రశ్నావళికి గీటురాయి ఏమిటంటే, అదే మనిషిని కూర్చోబెట్టి వివరంగా అడిగి తేల్చుకున్న నిజం. పై 92, 94 ఆ రాతి మీద గీసిన గీతలే. అందుకే ఎవరో నాలుగు ప్రశ్నలు రాసి కాలేజీలో పంచిన కాగితాన్నీ దీన్నీ ఒకే కాటాలో తూచలేం.

అయితే ఈ పనిముట్టు మన డెల్టాలో దిగీదిగగానే ఒక రాయికి తగులుతుంది. ఎన్ని డ్రింకులు అని అడుగుతుంది అది. డ్రింకంటే దాని లెక్కలో సుమారు 10 గ్రాముల అసలు ఆల్కహాలు. మనవాళ్ళ లెక్కలో ఆ మాటే లేదు. నైంటీ ఉంది, క్వార్టరు ఉంది, హాఫ్ ఉంది, ఫుల్లు ఉంది. సోల, తవ్వ, మానిక, కుంచం పోయి ఇవి మిగిలాయి. సరే, లెక్క వేద్దాం. క్వార్టరు 180 మిల్లీలీటర్లు. మన విస్కీ బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. అంటే సీసాలో 77 మిల్లీలీటర్లు. బరువుకి మారిస్తే దాదాపు 61 గ్రాములు. ఆరు డ్రింకులు! నైంటీ అంటే మూడు. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతానిదైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగైతే నాలుగు.

ఇప్పుడు ప్రతి శనివారం ఒక క్వార్టరు వేసే కుర్రాణ్ణి పిలిచి కాగితం ఇవ్వండి. ఎన్నని అడిగితే "ఒక్కటే" అంటాడు. వాడి దృష్టిలో నిజమే, సీసా ఒక్కటే. ఆ మాటని అలాగే రాసుకుంటే నెలకి నాలుగుసార్లకి 2 మార్కులు, ఒక్క డ్రింకుకి సున్న, ఒకేసారి ఆరు పడటానికీ సున్న. మొత్తం 2. కుర్రాడు బంగారం! అదే లెక్క సరిచేసి రాస్తే, నాలుగుసార్లకి 2, ఆరు డ్రింకులకి 2, వారానికోసారి ఒకేసారి ఆరు పడుతున్నందుకు 3. మొత్తం 7. ఇక ఏడాదిలో ఒక్క రాత్రి గదికి ఎలా చేరాడో గుర్తులేకపోతే ఇంకొకటి కలిసి 8. హద్దు మీదున్నాడు. మనిషీ వాడే, శనివారాలూ అవే. మధ్యలో మారింది సీసాని గ్రాముల్లోకి మార్చిన చిన్న లెక్క. అసలు ప్రశ్నావళి చేసినవాళ్ళకి ఈ చిక్కు తెలియకపోలేదు. ఏ దేశపు కొలతకి తగ్గట్టు ఆ దేశంలో రెండో, మూడో ప్రశ్నల్ని సవరించుకోమని చేతిపుస్తకంలోనే చెప్పారు. మన సవరణ తేలిక. "ఒకేసారి క్వార్టరుగాని, అంతకంటే ఎక్కువగాని తాగింది ఎన్నాళ్ళకోసారి?" అంటే చాలు. సర్దుకోవడానికి చోటు వదిలిపెట్టిన పనిముట్టుని చూస్తే ముచ్చటేస్తుంది. మంచి దర్జీ లోపల మడత ఉంచి కుట్టినట్టుంటుంది.

విద్యార్థుల సంగతి ఇంకొంచెం వేరు. వాళ్ళకి లివరు చెడే వయసు కాదు, చెడేవి వేరే ఉంటాయి. రాసుకోవాల్సిన రికార్డు, హాజరు, స్నేహం, మెస్సు బిల్లుకి నాన్న పంపిన డబ్బు. 1989లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో హెలెన్ వైట్, ఎరిక్ లబూవీ ఈ వయసు కోసమే 23 ప్రశ్నల పట్టిక చేశారు. 1,308 మంది కుర్రకారు జవాబుల్లోంచి వడగట్టింది. పరీక్షకి చదవలేకపోయావా, ఇంట్లో గొడవపడ్డావా, తాగనని నీకు నువ్వే మాటిచ్చుకుని తాగావా, చుట్టాలు నిన్ను తప్పించుకుని తిరిగారా అని అడుగుతుంది. ప్రశ్న ప్రశ్నకీ కుర్రాడి రోజువారీ బతుకులోంచి ఒక ముక్క చేతికొస్తుంది.

ఆ దారిలోనే జెనిఫర్ రీడ్, క్రిస్టఫర్ కాలర్, డేవిడ్ స్ట్రాంగ్ మొదలైనవాళ్ళు మరో అడుగు వేశారు. వాళ్ళ పెద్ద పట్టిక 48 ప్రశ్నలది, 2006లో వచ్చింది. అందులో ఎనిమిది గదులు: నలుగురితో తగాదాలు, అదుపు తప్పడం, తన మీద తనకు కలిగే చిన్నచూపు, ఒంటి మీద అశ్రద్ధ, తెగింపు పనులు, చదువు, శరీరానికి పట్టిన అలవాటు, మతి లేని రాత్రులు. దాని పొట్టి రూపం 24 ప్రశ్నలది 2005లోనే వెలువడింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. జవాబుల్లో మెట్లూ మార్కులూ లేవు, ఒక్కోదానికి అవును, కాదు. అవునులు లెక్కపెట్టుకోవడమే. ఇందాక అవునా కాదా అని నిలదీయడం తప్పన్నాను. మరి ఇక్కడ ఎలా నప్పింది? నాన్న అడిగింది మొత్తం మనిషికి అవునా కాదా అని. ఇది అడిగేది ఒక్క సంగతికి. వాంతి అయిందా? క్లాసుకి డుమ్మా కొట్టావా? దానికి అవునన్నా పరువేం పోదు.

ఆ 24ని ఎలా ఏరారో చెప్పాలంటే కాలవ రేవుకి వెళ్ళాలి. మన డెల్టాలో రేవుకి మెట్లుంటాయి. కాలవకి నీళ్ళొదిలాక ఎంత వచ్చిందని ఎవరినీ అడగక్కర్లేదు, ఎన్నో మెట్టు మునిగిందో చూస్తే చాలు. కింది నుంచి ఐదో మెట్టు మునిగిందంటే ఆ కింద నాలుగూ మునిగే ఉంటాయి. జార్జ్ రాష్ అనే డెన్మార్క్ గణితజ్ఞుడు 1960లో పరీక్ష ప్రశ్నలకి ఇలాంటి సూత్రమే రాశాడు. ప్రశ్నల్ని తేలికనుంచి కష్టానికి ఒకే నిచ్చెన మీద నిలబెట్టొచ్చు, పై ప్రశ్నకి జవాబిచ్చినవాడు కింది ప్రశ్నలకి చాలావరకు ఇచ్చే ఉంటాడు అని. మనిషి రాతిమెట్టు కాడు కనుక "చాలావరకు" అన్న మాటకి అందులో చోటుంది. కాలర్ బృందం ఈ సూత్రాన్ని తాగుడు పర్యవసానాలకి పట్టించింది. అట్టడుగున మర్నాటి తలపోటు. కాస్త పైన వాంతులు, నోరుజారడం. ఇంకా పైన చదువు దెబ్బతినడం, ఇంట్లోవాళ్ళతో చెడటం. అన్నిటికంటే పైమెట్టు, పొద్దున లేచి ఏమీ తినకముందే ఒక గుక్క కావాలనిపించడం. ఒకే ఎత్తులో రెండు మెట్లుంటే ఒకటి తీసేశారు, ఎడం మరీ ఎక్కువగా ఉండకుండా చూశారు. ఒకే మట్టానికి మునిగిన అబ్బాయీ అమ్మాయీ వేర్వేరుగా జవాబిచ్చే ప్రశ్నల్ని పక్కనపెట్టారు. అందుకే అవునుల సంఖ్య ఒక్కటి తెలిస్తే నీరు ఎంతదాకా వచ్చిందో సుమారుగా తెలుస్తుంది. ఏ మెట్టు దాకా వచ్చిందో కుర్రాడే చూసుకోగలడు కూడా.

ఈ మధ్యలో ఉండే మెట్ల మీద మనం ఎప్పుడూ సరిగ్గా కన్ను పెట్టలేదు. తాగుడంటే మనకు రెండే చిత్రాలు. రెండూ గుడివాడ గడ్డవే కావడం తమాషా. ఒకటి దేవదాసు. 1953 నాటి సినిమా. నటించిన అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ పక్క రామాపురం, ఆయన పేరుతో గుడివాడలో కళాశాల ఉంది. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. కళ్ళు మగతగా కనబడటానికి రాత్రిపూట పెరుగన్నం తిని షూటింగుకి వెళ్ళేవాణ్ణని అక్కినేని చెప్పేవారు. పెరుగన్నంతో వచ్చిన మత్తు రెండు మూడు తరాలకి తాగుబోతు బొమ్మై నిలిచింది. రెండో చిత్రం నిషేధం. దూబగుంట రోశమ్మ వంటి నెల్లూరు జిల్లా స్త్రీలు 1992లో సారా మీద లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. గుడివాడకి దగ్గర్లోని నిమ్మకూరులో పుట్టి, గుడివాడ నుంచి శాసనసభకి కూడా వెళ్ళిన ఎన్.టి.రామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో అది సడలిపోయింది. ఒక బొమ్మలో తాగినవాడు చావాల్సిందే, రెండో బొమ్మలో చుక్క కూడా ఉండకూడదు. దేవదాసుకీ నిషేధానికీ నడుమ, హాజరు తగ్గి, నాన్నకి అబద్ధం చెప్పి, శనివారం కోసం చూస్తూ బతికే మామూలు కుర్రాడికి బొమ్మ లేదు.

దూబగుంట స్త్రీలు కొలిచిన కొలత మాత్రం ఈ 24 ప్రశ్నల కొలతే. ప్రభుత్వం ఎన్ని కేసులు అమ్ముడయ్యాయి, ఎంత రాబడి వచ్చింది అని చూస్తుంది. వాళ్ళు కూలి డబ్బులు ఇంటికి ఎన్ని చేరాయి, రాత్రి ఎవరికి దెబ్బలు తగిలాయి అని చూశారు. సీసాతో కొలవడం అమ్మేవాడి పద్ధతి. ఏం పాడైందో చూసి కొలవడం ఇంట్లోవాళ్ళ పద్ధతి. విశ్వవిద్యాలయాల్లో గణితం పెట్టి చివరికి చేరింది కూడా ఇంట్లోవాళ్ళ పద్ధతికే.

ఈ 24ని తెలుగులో చెప్పుకుంటూ పోతే పనితనం ఇంకా తెలుస్తుంది. హ్యాంగోవరుకి మనకి ఒక్క మాట లేదు, పొద్దున్నే తలపోటు, కడుపులో తిప్పడం అనాలి. కారు నడపడం గురించిన ప్రశ్నలో కారు తీసి బైకు పెట్టాలి. పెడితే సరిపోదు. మన రోడ్లు చాలాచోట్ల కాలవ గట్లు, మలుపు తప్పితే నీళ్ళే. అప్పుడా ప్రశ్న అక్కడ ఉన్న మెట్టు మీదే ఇక్కడా నిలుస్తుందా? బహుశా పైకి జరుగుతుంది. అలాగే ప్రేమించిన అమ్మాయితోనో అబ్బాయితోనో, ఇంట్లోవాళ్ళతోనో గొడవ వచ్చిందా అన్న ప్రశ్న అవనిగడ్డ కుర్రాడు తేలిగ్గా దాటేస్తాడేమో గాని, అమ్మ ఏడ్చిందా అంటే ఆగిపోతాడు. గడువూ చిక్కే. గడిచిన నెలలో అని అడిగితే, సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర మూడు రోజులు వరసగా తాగినవాడు ఏప్రిల్లో శుద్ధంగా కనిపిస్తాడు, ఫిబ్రవరిలో మునిగినట్టు కనిపిస్తాడు. కాబట్టి మాటలు మార్చి ఊరుకోకుండా ఇక్కడి విద్యార్థుల మధ్య మెట్లు మళ్ళీ కొలిచి వేసుకోవాలి.

ఇంకో చిక్కు చట్టానిది. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదు. డిగ్రీ చదివేవాళ్ళలో ఎక్కువమంది ఆ గీతకి ఇవతలే ఉంటారు. కాగితం మీద అవునని గీయడమంటే ఒక నేరం పక్కన నిలబడటమే. కాబట్టి పేరు, హాల్ టికెట్ నంబరు, చేతిరాత దొరికే ఏ ఆనవాలూ ఉండకూడదు. కాగితం లెక్చరరు చేతికి ఇవ్వకూడదు, మడిచి పెట్టెలో వేయాలి. ఆడపిల్లల విషయంలో ఇంకా పదిలంగా ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో సుమారు 31 శాతం తాగుతామన్నారు, స్త్రీలలో వందకి ఒక్కరు కూడా అనలేదు. ఆ సున్నలో ఎంత నిజమో, ఎంత భయమో పేరు లేని కాగితానికి మాత్రమే తెలిసే అవకాశం ఉంది. ప్రశ్న ఎంత బాగా చెక్కినా, పెట్టెకి తాళం లేకపోతే ఆ పని బూడిదలో పోసిన పన్నీరే.

ఈ 24కి లోటు లేదని కాదు. తాగినవాడికి జరిగింది ఇది కొలుస్తుంది, పక్కమంచం మీద పడుకున్నవాడికి జరిగింది కొలవదు. రాత్రంతా వాంతులు ఎత్తి, మర్నాడు పరీక్ష పాడుచేసుకున్న రూమ్మేటు ఈ 24లో ఎక్కడా లేడు.

కొలిచి ఏం చేస్తారన్న ప్రశ్నకి గోవాలో ఒక జవాబుంది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆడిట్ మార్కులు 12కీ 19కీ మధ్య వచ్చిన మగవాళ్ళని ఎంచుకుని, డాక్టర్లు కాని మామూలు సలహాదారుల చేత నాలుగుసార్లకు మించకుండా మాట్లాడించారు. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలలకి, ఆ మాటలు విన్నవాళ్ళలో 36 శాతం మంది 8కి లోపు దిగారు, మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ళలో 26 శాతం. పెద్ద అద్భుతం కాదు. కాని ఎవరితో కూర్చుని మాట్లాడాలో ముందు ఆ పది ప్రశ్నలే చెప్పాయి.

చివరిగా మళ్ళీ నాగాయలంక. ఆడిట్‌లో పదో ప్రశ్న దగ్గర ఆగాలి. చుట్టమో స్నేహితుడో డాక్టరో నీ తాగుడు చూసి కంగారుపడ్డారా, తగ్గించుకోమన్నారా అన్నది ఆ ప్రశ్న. దానికి మూడే జవాబులు: లేదు, ఎప్పుడో ఒకప్పుడు, ఈ ఏడాదిలోనే. ఈ ఏడాదిలోనే అంటే 4 మార్కులు. హద్దు ఎనిమిదైనప్పుడు ఆ ఒక్కటే సగం. ఎదుటివాడి కంగారుకి అంత బరువు ఇచ్చారు రాసినవాళ్ళు.

హాస్టలుకి తిరిగొచ్చిన కుర్రాడు ఎవరూ చూడకుండా ఆ కాగితం నింపుతున్నాడనుకుందాం. పదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగుతుంది. ఆదివారం, అరుగు మీద, "ఏరా, తాగుతున్నావంట?" పనితనం లేని ప్రశ్నే. ఆ రోజు దానికి జవాబు రాలేదు. ఇప్పుడు మూడో గడిలో టిక్కు పడుతుంది.